అరిగిన వైపు

“ఈ రీలు తిప్పింది మీరు కాదు,” అంది ఆవిడ, భూతద్దం కంటి దగ్గర నుంచి తియ్యకుండానే.

మొగుడు గుమ్మంలోనే ఆగిపోయాడు. గాలం రీలు గరగరమంటోంది, కాస్త గ్రీజు పెట్టవే అని పొద్దున ఇచ్చింది ఆయనే. రేవులో చేపలు పట్టేవాళ్లందరి రీళ్లూ బాగుచేసే పెళ్లాం ఇంట్లో ఉండగా ఆయనకి రిపేరు తిప్పలు ఎప్పుడూ లేవు. ఇవాళ కొత్త తిప్పలు వచ్చిపడ్డాయి.

“నేను కాక ఇంకెవరు తిప్పుతారే? గ్రీజు పెట్టమంటే దర్యాప్తు మొదలుపెట్టావు!”

“ఇటు వచ్చి చూడండి.”

బల్ల మీద పరిచిన గుడ్డపైన రీలు విప్పేసి ఉంది. పళ్లు అరిగిన గేరు ఒక పక్క, మరలు ఒక పక్క. ఆవిడ పట్టకారుతో చిన్న ఇత్తడి బుష్ పైకెత్తింది. పిడి ఇరుసు తిరిగేది ఆ బుష్‌లోనే. తిప్పే చెయ్యి ఎటు లాగితే బుష్ అటే అరుగుతుంది. గుండ్రంగా ఉండాల్సిన దాని కన్నం కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చింది.

“ఇన్నేళ్లలో మీకు ఆరు బుష్‌లు మార్చాను. ఆరూ కింది వైపే అరిగాయి. మీరు బరువంతా పిడి మీద వేసి తిప్పుతారు. ఇది ఆర్నెల్ల కిందట వేసిన కొత్తది. పై వైపు అరిగింది.”

“అరిగితే మార్చు. పై వైపైతే ఏంటి, కింది వైపైతే ఏంటి?”

“కుడి పక్కనున్న పిడిని ఎడమ చెయ్యి అడ్డంగా చాపి, పైకి లాగుతూ తిప్పితే తప్ప ఇలా అరగదు. రేవులో ఎడమచేతి వాటం మనిషి ఒక్కతే ఉంది.”

ఆ ఒక్కతీ ఎరల కొట్టావిడ. ఎడమచేత్తో రొయ్యలు తూస్తుంది, ఎడమచేత్తోనే జుట్టు వెనక్కి తోసుకుంటుంది, ఈయన వెళ్తే తూకం అయ్యాక ఇంకో గుప్పెడు వేస్తుంది. ఆ గుప్పెడు సంగతి ఇంటికొచ్చి మురిసిపోతూ పెళ్లానికి చెప్పింది కూడా ఈయనే. ఇలాంటి మగవాళ్లని ఏమనాలి?

“ఛీ ఛీ, మధ్యలో ఆవిడ ఊసెందుకు?” అన్నాడు. అన్నాడే గాని మొహం పాలిపోయింది. అది చూశాక పెళ్లానికి అరికాలి మంట నెత్తికెక్కింది.

“పెళ్లయి ఇరవై ఏళ్లు. ఒక్కటంటే ఒక్కసారి నన్ను ఈ రీలు తిప్పనిచ్చారా? బాగుచెయ్యడం వరకే నీ పని అన్నారు. ఆవిడ పక్కన కూచుని తిప్పితే చేపలు వరసకట్టి వస్తున్నాయా?”

“అరవకే. పక్కింటివాళ్లు వింటారు.”

“విననివ్వండి!”

కొంగుతో కళ్లు తుడుచుకుంది. రొయ్యలమ్ముకునే మనిషి మీద ఈర్ష్యతో ఏడుస్తున్నానని తనకే తెలిసి, ఇంకా ఏడుపొచ్చింది. బుష్‌ని గుప్పిట్లో బిగించి చెప్పుల్లో కాళ్లు దూర్చింది.

“నేనే వెళ్తాను. దీన్ని ఆవిడ కళ్లముందు పెట్టి అడుగుతాను.”

ఆయన గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. “వద్దే, నీకు పుణ్యముంటుంది. ఆవిడ చెవిన పడిందంటే రేవంతా తెలిసిపోతుంది.”

“అంటే తెలియాల్సిన సంగతి ఉందన్నమాట! ఎన్నాళ్లుగా?”

ఆయన తల దించుకున్నాడు. “నాలుగు నెలలు.”

ఆవిడ గోడకి జారగిలబడింది. తన కాపురం నాలుగు నెలల కిందటే అయిపోయింది, తను మాత్రం రోజూ ఈ బల్ల దగ్గర కూచుని ఊళ్లోవాళ్ల గేర్లు తుడుచుకుంటోంది. అడగకూడదనుకుంటూనే అడిగింది.

“నాకెందుకు చెప్పలేదు?”

“భయపడతావని,” అన్నాడాయన. “ఆ ఎడమ చెయ్యి నాదేనే. ఈ కుడిచేతి వేళ్లు పిడి చుట్టూ ముడుచుకోవడం మానేశాయి.”