ఫిల్ము తోకలు

ఇలా దగ్గరగా జరిగి కూర్చోండి, ఇది అరిచి చెప్పుకునే సంగతి కాదు.

"లేదమ్మాయ్. మిల్లు దగ్గర నేను తీసినవన్నీ ఇవే. మీ అమ్మ వీటిలో లేదు," అంది ఫొటోలావిడ, ఆఖరి నెగెటివ్‌ను కిటికీ అద్దం మీంచి తీస్తూ.

పత్రికకు ఫొటోలు తీసి తీసి జుట్టు నెరిసిన మనిషి ఆవిడ. కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లోనే మిల్లు గోడ కూలింది. ఆ గోడ కింద పడి తల్లి పోయిందని వింటూ పెరిగిన మనిషి ఇప్పుడు ఎదురుగా కూర్చుని ఉంది. అప్పటికి చంటిపిల్ల. తల్లి ముఖం ఒక్కసారి చూస్తే చాలని ఇంత దూరం వచ్చింది.

"ఇంట్లో ఒక్క ఫొటో కూడా లేదూ?"

"చూస్తే ఏడుపొస్తుందని మేనత్త అన్నీ కాల్చేసిందటమ్మా. నాది అచ్చం అమ్మ పోలికేనంటుంది, ఈ గడ్డం మీద సొట్టతో సహా. పోనీలెండి, మీకు శ్రమ ఇచ్చాను." ఆమె సంచీ అందుకుంది.

"కూర్చో. ముఖం దొరికేదాకా నువ్వూ కదలవు, నేనూ కదలను." ఆవిడ కుర్చీ ఎక్కి బీరువా మీది బిస్కెట్ల డబ్బా దించింది.

వంటింట్లోంచి కోడలు తొంగిచూసింది. "మళ్ళీ ఆ డబ్బా తెరిచారా అత్తయ్యా? ఆ పాత ఫిల్ము పులిసిన కంపుకి పిల్లి కూడా ఇల్లు మారిపోయింది."

"పిల్లి పోతే పోయింది, నువ్వున్నావుగా. టీ పెట్టు."

డబ్బా నిండా ఫిల్ము తోకలే. ఆ రోజుల్లో రీలు పూర్తయితేగాని కడిగేవారు కాదు. వార్తకు కావలసినవి తీశాక, మిగిలిన నాలుగైదింటినీ దారిలో ఎవరు కనిపిస్తే వాళ్ళమీద నొక్కేసి ఆఫీసుకు పరుగెత్తేవారు. ఆఫీసులో పనికొచ్చేవి కత్తిరించుకుని, ఆ తోక ముక్కను చెత్తబుట్టలో వేసేవారు. ఈవిడ మాత్రం ఏరి తెచ్చి దాచుకుంది. ఏ తోక ఏ రోజుదో బ్రహ్మకైనా తెలియదు.

"వెలుతురుకు ఎదురుగా కూర్చో. కదలకు."

ఒక్కో ముక్కా అద్దానికి ఆనించి, దాన్నీ ఆమె ముఖాన్నీ మార్చి మార్చి చూసింది. ఆమె కూడా మెడ సాచింది.

"వీళ్ళంతా ముసలివాళ్ళేనమ్మా. అందరికీ తెల్ల జుట్టే."

"నెగెటివ్‌లో పడుచువాళ్ళకే జుట్టు తెల్లన. నన్ను తీసి చూడు, నా జుట్టు నల్లగా నిగనిగలాడుతూ ఉంటుంది."

వచ్చాక మొదటిసారి ఆమె నవ్వింది. టీ చల్లారి మీగడ కట్టింది. ఆవిడ కళ్ళు నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకుని మళ్ళీ చూస్తోంది. డబ్బా అడుగు కనిపిస్తుండగా చెయ్యి ఆగింది. గోరంత ముఖం. గడ్డం మధ్యలో సన్నని తెల్లచుక్క.

"లే. పద."

స్నానాల గదే ఆవిడ ఫొటోలు కడిగే గది. కిటికీకి దుప్పటి కట్టి, ఎర్ర బల్బు వెలిగించి, ఆ నెగెటివ్‌ను కాగితం మీద పెద్దది చేసి, మందు నీళ్ళ తొట్టిలో ముంచింది. ముందు జుట్టు తేలింది. తరువాత కళ్ళు. ఆ తరువాత గడ్డం, సొట్టతో సహా.

ఆమె తొట్టి అంచు పట్టుకుని "అమ్మా" అంది. ఈసారి పిలిచింది ఫొటోలావిడను కాదు.

మీరు ఎవరికి చెప్పినా ఇక్కడితో ఆపకండి, మిగిలిందీ గుర్తుపెట్టుకుని చెప్పండి. కాగితం ఇంకా తొట్టిలోనే ఉంది, ముఖం వెనక ఉన్నది కూడా మెల్లగా తేలింది: కుప్పకూలి పడి ఉన్న మిల్లు గోడ, దాని ముందు ఒంటిమీద గీతైనా లేకుండా, చంకలో బట్టల మూటతో బస్సెక్కబోతున్న ఆ తల్లి.