ఐదు మలుపులు

ఉదయం తొమ్మిది గంటల నలభై నిమిషాలకు, పాలకొల్లులోని చిట్టియ్య మెకానిక్కు షెడ్డు ముందు, పాత అంబాసిడరు కారు దగ్గర ఉన్నవారు వరుసగా వీరు: స్టీరింగు ముందు కారు యజమాని, విశ్రాంత ఆంగ్లోపన్యాసకులు భాస్కరం గారు, బానెట్టు పక్కన, కంటి ఆపరేషనై నాలుగు రోజులైనా కాని చిట్టియ్య, నల్ల కళ్లద్దాలతో, వెనక దీపాల దగ్గర అతని భార్య జ్ఞానమ్మ, ఎడమ తలుపులోంచి డాష్‌బోర్డు కిందికి దూరి వారి కూతురు తబిత. ఆమె మెడదాకా తండ్రి ఖాకీ కోటు తొడుక్కుని, నడుము నుంచి పాదాల దాకా పాత దుప్పటి చుట్టుకుని ఉంది. కొత్త చెప్పులు బయట విప్పి పెట్టింది.

పదిన్నరకు చర్చిలో పెళ్లి. పన్నెండింటికి పాస్టరు గారు మరో ఊళ్లో ఇంకో పెళ్లి జరిపించవలసి ఉంది. పెళ్లికూతురు వేళకు చేరకపోతే ఈ పెళ్లి సాయంత్రానికి వాయిదా పడుతుంది. ఆమెను తన కారులోనే దింపుతానని భాస్కరం గారు ఏనాడో మాట ఇచ్చి ఉన్నారు. ఆ కారు ఇండికేటర్లు ఇందాకే, సందు మలుపులో, పనిచేయడం మానేశాయి.

“ఆటో పిలిచేద్దామండీ,” అంది జ్ఞానమ్మ.

“వీల్లేదమ్మా. మాట ఇచ్చాను.”

“పోనీ, చెయ్యి చూపించి తిప్పెయ్యండి మాస్టారూ,” అన్నాడు చిట్టియ్య.

“చర్చికి ఐదు మలుపులు. ముప్ఫై ఏడేళ్లలో సిగ్నలు ఇవ్వకుండా నేను ఒక్క మలుపు తిరగలేదు. ఇక చెయ్యంటావా, ఈ కుడిభుజం భోజనానికి తప్ప పైకి లేవడం లేదు.”

డాష్‌బోర్డు కింద నవ్వు వినిపించింది.

“నవ్వింది చాల్లే,” అంది జ్ఞానమ్మ. “ఈ పూట కూడా నీకు స్పానరేంటే? చీరకి మరక అంటిందంటే ఊరుకోను.”

“నాన్నకి చూపు ఆనదు. నీకు వైర్లు తెలీవు. ఇంకెవరు చేస్తారమ్మా? మాస్టారూ, తాళం తిప్పండి.”

తబిత టెస్ట్ ల్యాంపు ముల్లును ఒక వైరుకు ఆనించింది. దీపం వెలిగింది.

“దీపాల్ని వెలిగించి ఆర్పే ఫ్లాషరు దాకా కరెంటు వస్తోంది. అవతలికే పోవట్లేదు.” ఆమె తన జడముడిలోంచి ఒక పిన్ను లాగింది.

“ఓసి నీ దుంపతెగ! ఆ ముడి వెయ్యడానికి గంట పట్టిందే!”

“ఒక్క పిన్నేనమ్మా.”

ఫ్లాషరును ఊడదీసి, దాని రెండు వైర్ల కొసలనూ పిన్నుతో కలిపింది. “ఎడమకి వెయ్యండి మాస్టారూ.”

“వెలిగింది!” అని అరిచింది జ్ఞానమ్మ. “కానీ ఆరట్లేదే?”

“ఆరకూడదు. బల్బులూ వైర్లూ బాగున్నాయని లెక్క. చచ్చింది ఫ్లాషరే.”

చిట్టియ్య పాత సామాను డబ్బాలో తడిమి ఒకటి అందించాడు.

“మూడు కాళ్లది ఇచ్చావు నాన్నా. మనకి రెండు కాళ్లది కావాలి.”

అతడు మళ్లీ తడిమాడు. ఈసారి సరైనదే దొరికింది. అంతలో జ్ఞానమ్మ చేతిలో ఫోను మోగింది.

“పెళ్లికొడుకు! ఫిన్నీ బాబు! బండి బయల్దేరిందా అంటున్నాడు. పాస్టరు గారు గడియారం చూసుకుంటున్నారంట.”

“ఐదు నిమిషాలని చెప్పమ్మా. కంగారు పడొద్దను.”

నాలుగు నిమిషాలే పట్టింది. ఎడమకు వేస్తే ఎడమ దీపాలు, కుడికి వేస్తే కుడి దీపాలు వెలిగి ఆరసాగాయి. లోపల టిక్కు టిక్కుమంటున్న చప్పుడుకు చిట్టియ్య చెవి ఒగ్గాడు.

“సమంగా కొడుతోందమ్మా. నేను బిగించినా ఇంతే,” అన్నాడు.

భాస్కరం గారు కారు దిగి, కోటు సర్దుకుని, నిటారుగా నిలబడ్డారు.

“మీ అందరి సమక్షంలో చెబుతున్నాను. నేడు ఈ కారు నియమం తప్పకుండా చర్చికి చేరుతోందంటే, ఈ పెళ్లి వేళకు జరుగుతోందంటే, ఆ ఘనత కుమారి తబితది. ఆమెకు నా కృతజ్ఞతాభినందనలు.”

తబిత సబ్బుతో చేతులు కడుక్కుంది. దుప్పటి విప్పి తల్లికి అందించి, ఖాకీ కోటు బొత్తాలు ఒక్కొక్కటే తీసింది. భాస్కరం గారు కారు వెనక తలుపును స్వయంగా తెరిచి పట్టుకున్నారు.

తెల్లని పెళ్లిచీర మీద ఒక్క మరకా లేదు.