నా వీరుడికి ఉపవాస ప్రార్థన

జెరూసలేం మీద దండెత్తిన క్రూసేడు వీరుల గురించి నేనొక నవల రాసిన. రెజిమెంటల్ బజార్‌ల డోరక్క నడిపే ప్రార్థన కూడికల అందరూ చదివిన్రంటే, వాళ్ల అభిప్రాయం విందామని పోయిన.

పోయేసరికి అందరూ మోకాళ్ల మీదున్నరు. ఆమెన్ అన్నంక అక్క కండ్లు తుడుచుకుంది.

"నతానియేలూ, నీ హీరో కోటగోడ కింద బాణం తగిలి పడ్డడు. నువ్వేమో గాడనే కథ ఆపినవ్. లేస్తడో లేవడో అని ఒకటే పరేషాన్. అందుకే ప్రతి శుక్రవారం ఉపవాసముంటున్నం తమ్ముడూ."

నా నవల మీద విమర్శకులు ఒక్క ముక్క రాయలే. వీళ్లు నా వీరుడి కోసం అన్నమే మానేసిన్రు!

"ఏడవకక్కా. రెండో భాగంల లేస్తడు. కత్తి పట్టి గోడెక్కుతడు."

ఒక్కరు సుత హల్లెలూయ అనలే.

"లేస్తడా? లేవొద్దనే గదయ్యా మేం ప్రార్థన చేసేది! వాడు లేస్తే ఆ గోడ లోపలి పిల్లాజెల్లా బతుకుతరా?"

అక్క వంటింటి దిక్కు తిరిగి కేకేసింది. "బగారన్నం మీద మూత పెట్టుండ్రి. ఉపవాసం మళ్ల షురూ."

నాకు చాప జరిపింది.

"నువ్వు సుత మోకరించు. రాసేది నువ్వే గదా."