కవి పేరు చెప్పలేదు

"పాత కవిని విన్నారుగా. ఇక ఇప్పటి కవి..." హవానా చుట్టల కార్ఖానాలో పనివాళ్ళకు రోజూ చదివి వినిపించే ఎనెయిదా, గుమ్మంలో పోలీసును చూసి ఆగిపోయింది. చేతిలో ఉన్నది జైల్లో ఉన్న అన్న రాసిన కవిత.

"ఎవడు రాశాడు పిల్లా?"

"తెలీదండి."

"చదువు. వీళ్ళకి నచ్చిందో, వాడి పేరు నీచేత కక్కిస్తా."

ఎనెయిదా చదివింది. నచ్చితే పనివాళ్ళు ఆకు కోసే కత్తులతో బల్లలు తడతారు, నచ్చకపోతే వాటిని నేల మీద పారేస్తారు. పెద్దావిడ కసిల్డా కత్తిని నేలకేసి కొట్టింది. వెంటనే అందరూ కొట్టారు.

"ఈ చెత్తకి పేరెందుకులే," అని నవ్వుకుంటూ పోయాడు పోలీసు.

ఎనెయిదాకి ఏడుపొచ్చింది. "అంత బాలేదా పిన్నీ?"

"పిచ్చి మొహమా, బావుంది కాబట్టే పారేశాం," అంటూ కసిల్డా కత్తి ఏరుకుంది. "ఇప్పుడు చదువు. పేరుతో సహా."