మధ్యాహ్నం చప్పుడు

"పైన ఏనుగునేమైనా పెంచుతున్నావా అబ్బాయ్? మధ్యాహ్నం పూట ఆ చప్పుడు ఆపించు, లేదంటే నెలాఖరుకి ఇల్లు ఖాళీ చెయ్యి" అంది మా ఇంటి ఓనరు పెద్దమ్మ.

"ఆ టైంలో నేను పనిలో ఉంటా. ఇంట్లో ఉండేది పక్షవాతం వచ్చి మంచం దిగలేని మా నాన్న ఒక్కడే. మమ్మల్ని వెళ్లగొట్టడానికి ఇదో వంక!" బల్ల గుద్ది మరీ అన్నాను.

మాకు రాజీ కుదర్చడానికి కూర్చున్న మేడం నవ్వింది. "ఇక్కడ ఒకటే రూలు. ముందు ఆవిడ చెప్పింది ఉన్నదున్నట్టు నువ్వు చెప్పు. తర్వాతే నీ గోల."

పెద్దమ్మ చెప్పింది. నేను వెటకారంగా ఎత్తుకున్నా.

"రోజూ మధ్యాహ్నం వీధి గోడ దగ్గర మొదలవుతుంది. ఏదో ఈడ్చుకుంటూ కిటికీ వైపు పోతుంది. సగంలో దబ్బుమని పడుతుంది. కాసేపాగి మళ్లీ..."

వీధి గోడ పక్కనే నాన్న మంచం.

"పడేది మా నాన్న" అన్నాను. "నడక నేర్చుకుంటున్నాడు."

"మరి నీకు చెప్పలేదా?" అంది మేడం.

రోజూ పొద్దున్నే "నీవల్ల కాదుగానీ, నోర్మూసుకుని పడుకో" అని, బయట తాళం వేసుకుని పోయేది నేనే.

పెద్దమ్మ చెయ్యి చాపింది. "తాళంచెవి ఇటివ్వు."

"ఇప్పుడే ఖాళీ చెయ్యాలా పెద్దమ్మా?"

"ఇల్లెక్కడికి పోతుందిరా! మళ్లీ పడితే లేపడానికి నేను లోపలికి వెళ్లొద్దూ?"