కచేరీ మెట్లు

కచేరీ కిటికీ అద్దం భళ్ళున పగిలింది. గుమాస్తా అమోస్ తూటా తగిలిన మెడ పట్టుకుని బల్ల కిందికి ఒరిగాడు. వేళ్ళ సందుల్లోంచి నెత్తురు చిమ్ముతుంటే డెల్ఫా తన గౌను అంచు చింపి అదిమి పట్టింది. ఎంతోసేపు పట్టుకోవాల్సిన పని లేకపోయింది.

"పోయాడా?" కిటికీ పక్క నుంచి అడిగాడు షెరీఫు ఓరిన్, ఆమె మొగుడు.

"పోయాడు."

"తూటాలియ్యి."

ఇచ్చింది. ఓరిన్ తుపాకీలో కూరి రెండు గొట్టాలూ పేల్చాడు. బయట ఒక్కడూ పడలేదు.

"పాడు పొగ! గురి కుదిరి చావడం లేదు."

పక్క ఊరు బెల్‌ఫోర్డ్ వాళ్ళు దుంగలు, గొలుసులు, ఎద్దులు తెచ్చుకుని మరీ వచ్చారు. జిల్లా లాంటి ఆ కౌంటీకి నట్టనడుమ ఉన్నది తమ ఊరట, కనక కౌంటీ కచేరీ తమదట. కచేరీ ఏ ఊళ్ళో ఉండాలన్న ఎన్నికల్లో ఈ ఊరు విన్‌ఫ్రీ గెలిస్తే దొంగ ఓట్లన్నారు. చెక్క భవనమే కాబట్టి పునాది మీంచి లేపి దొర్లించుకుపోదామని వాళ్ళ ఎత్తు. కచేరీ పోతే విన్‌ఫ్రీలో మిగిలేది గడ్డీ గాలీ. నిజం చెప్పాలంటే కాన్సస్ మైదానంలో రెండు ఊళ్ళదీ ఒకటే బురద. బురద కోసం కూడా మనిషి మనిషిని చంపుతాడు.

వచ్చినవాళ్ళకి పెద్ద లూథర్, డెల్ఫా తమ్ముడు. తల్లి పోయాక ఆమె చేతుల మీద పెరిగినవాడు. లోపల మొగుడు, బయట తమ్ముడు. ఎవరి శవం చూడాల్సి వస్తుందోనని ఆమె కిటికీ దగ్గరికి పాకింది.

"ఒరే లూథర్!" అని అరిచింది. "గాల్లోకే కాలుస్తామని ఒట్టేశావు కదరా!"

"నేను గాల్లోకే కాల్చానక్కా! వీళ్ళు నా మాట వింటేగా! బావని బయటికి రమ్మను, ఏమీ చెయ్యం!"

ఓరిన్ ఆమె వైపు తిరిగాడు. "వాడితో ఎప్పుడు మాట్లాడావు?"

"నిన్న. తమ్ముడు కదండీ."

"తమ్ముడట! ఆ ముక్క అమోస్ పెళ్ళాంతో చెప్పు."

దుంగ దెబ్బకి తలుపు విరిగి లోపలికి పడింది. ఓరిన్ తుపాకీ నింపుకుని లేచాడు. డెల్ఫా అతని చొక్కా పట్టుకుంది.

"వెళ్ళకండి! కచేరీ పోతే పోనీండి! ఒక్క మాట వినండి!"

"తర్వాత చెబుదువుగాని," అని విదిలించుకుని మెట్ల మీదికి వెళ్ళాడు.

పది గజాల దూరంలో లూథర్ నిలబడి ఉన్నాడు.

"బావా, తుపాకీ దించు."

"ముందు నువ్వు దించరా!"

"నన్ను చంపుతావా ఏంటి?"

ఓరిన్ అతని గుండెకే గురిపెట్టి రెండు గొట్టాలూ పేల్చాడు. లూథర్ గట్టిగా కళ్ళు మూసుకున్నాడు. తెరిచి చూసుకుంటే బతికే ఉన్నాడు. భయంతో అతని వేలు తుపాకీ మీట మీద బిగిసింది.

డెల్ఫా పరుగున వచ్చి మొగుడి తల ఒళ్ళోకి తీసుకుంది. పొట్టలోంచి కారిన నెత్తురు మెట్ల మీదుగా మట్టిలోకి దిగుతోంది.

"నా తప్పు లేదక్కా!" లూథర్ వెక్కి వెక్కి ఏడ్చాడు. "ముందు బావే కాల్చాడు. నువ్వూ చూశావుగా!"

ఓరిన్ ఆశ్చర్యంగా ఆమె మొహంలోకి చూశాడు.

"ఇంత దగ్గర్నుంచి... ఎలా తప్పిందే?"

జవాబు వినకుండానే పోయాడు. వెనక బెల్‌ఫోర్డ్ వాళ్ళు అప్పుడే పునాది కింద దుంగలు దోపుతున్నారు.

పొద్దున ఆ తూటాలన్నిటిలో సీసపు గుళ్ళు తీసేసి తవుడు నింపింది డెల్ఫాయే.