బుగ్గల మీది ఎరుపు

డాక్టర్ రౌండ్స్‌కి వచ్చే వేళైంది. తల్లి హడావిడిగా కూతురి ముఖానికి పౌడర్ అద్దుతోంది.

కడుపునొప్పితో మెలికలు తిరుగుతున్న పిల్లకి పౌడరెందుకని అడక్కండి. పదిమంది కంటా పడేటప్పుడు పిల్ల కళగా ఉండాలి, ఆ తల్లి లెక్క అది.

“పౌడర్ వద్దమ్మా. ఆ బుగ్గల మీది ఎరుపు డాక్టర్ చూడాలి.”

పక్క మంచం దగ్గర కుర్చీలో కూర్చున్నావిడ అంది. ఒళ్లో సర్దిపెట్టుకున్న సంచి, ముఖం నిండా మచ్చలు.

“కడుపునొప్పికి ముఖం చూస్తారా ఎవరైనా?” తల్లి విసుక్కుంది.

ఆవిడ పిల్లవైపు తిరిగింది. “ఎండలోకి వెళ్తే ఎరుపు ఎక్కువవుతుందా తల్లీ? కీళ్లు నొప్పులా?”

“అవునాంటీ. నోట్లో పుళ్లు కూడా...”

“నువ్వూరుకో!” తల్లి కసిరింది. “ముందు మీ ముఖం సంగతి చూసుకోండి. ఆ మచ్చలు మా పిల్లకి అంటుకుంటే ఎవరిది పూచీ?”

“ఇది అంటుకునేది కాదమ్మా. నాకూ కడుపునొప్పితోనే...”

తల్లి వింటేగా! ఆయాని కేకేసి, ఆవిడని వేరే వార్డుకి మార్చమని అందరూ తలలు తిప్పి చూసేలా గొడవ చేసింది.

ఆవిడ సంచి అందుకుని ఆయా వెంట నడిచింది. గుమ్మం దగ్గర ఒకసారి వెనక్కి చూసింది.

పీడ వదిలిందనుకుంది తల్లి.

డాక్టర్ వచ్చాడు. పొట్ట నొక్కి చూశాడు.

“అపెండిక్స్‌లా ఉంది. వెంటనే ఆపరేషన్ చెయ్యాలి.”

పౌడర్ పూసిన ముఖాన్ని ఆయనా పట్టించుకోలేదు.

తీరా పొట్ట కోసి చూస్తే అపెండిక్స్ బాగానే ఉంది. పేగులే నల్లబడిపోయాయి.

పిల్ల దక్కలేదు.

“లూపస్ అనే జబ్బని పరీక్షల్లో తేలిందమ్మా,” డాక్టర్ తలొంచుకుని చెప్పాడు. “ఒంటిని కాపాడాల్సిన శక్తే ఒంటిమీద తిరగబడుతుంది. పేగులకి వెళ్లే రక్తనాళాలు వాచి మూసుకుపోయాయి. ముందే అనుమానం వచ్చుంటే స్కాన్ తీసి మందులు మొదలుపెట్టేవాళ్లం. బుగ్గల మీద ఎరుపు, కీళ్ల నొప్పులు, నోట్లో పుళ్లు... ఇలాంటివేవీ లేవా?”

తల్లి వేళ్లకి ఇంకా ఆ పౌడర్ వాసన వస్తున్నట్టే ఉంది.

పడుతూ లేస్తూ వార్డుకి పరుగెత్తింది.

“సిస్టర్, ఆ మచ్చలావిడని ఏ వార్డుకి మార్చారు? ఆవిడ కాళ్లమీద పడాలి!”

నర్సు పక్క మంచం మీద దుప్పటి మారుస్తోంది.

“మార్చడమేంటమ్మా, ఆవిడకి ఆరోజు పొద్దున్నే డిశ్చార్జ్ అయిపోయింది. మీ అమ్మాయి బుగ్గలు చూసి, డాక్టర్‌తో ఒక్కమాట చెప్పి ఇంటికెళ్తానని ఆగిపోయింది.”